కొత్త డాక్టరు: రెండు చదువులు

పరిచయం

ఆసుపత్రికి వెళ్లినప్పుడు డాక్టరుగారు నాడి చూస్తారు, గుండెకు గొట్టం పెట్టి వింటారు, మందు రాసిస్తారు. ఆ మందు ఎక్కడి నుంచి వచ్చింది? ఈ జ్వరానికి ఈ మాత్రే ఇవ్వాలని మొదట కనుక్కున్నదెవరు? అలా కనుక్కున్నవారిలో చాలామంది డాక్టర్లే. వారు ఒకవైపు రోగులను చూస్తూనే మరొకవైపు పరిశోధన చేశారు.

వైద్యంలో పట్టా పుచ్చుకుని అప్పుడే బయటికి వచ్చిన యువ డాక్టరు ఈ రెండు పనులనూ కలిపి ఎలా నేర్చుకుంటారు? అందులో ఉన్న ఇబ్బంది ఏమిటి? దానివల్ల మీకూ మీ ఊరికీ ఏం ఒరుగుతుంది? ఈ పాఠంలో ఈ విషయాలు తెలుసుకుందాం. గొల్లపల్లి, సికిందరాబాదు, భీమవరం, భద్రాచలం వంటి మనకు తెలిసిన ఊళ్ల నుంచే ఉదాహరణలు తీసుకున్నాం. మధ్యలో అమెరికాలోని బోస్టన్ నగరం కూడా వస్తుంది. అక్కడికి మనం భీమవరం మీదుగానే వెళతాం.

1. రెండు చదువులు ఏవి?

మన దేశంలో ఎం.బి.బి.ఎస్. చదువు నాలుగున్నర సంవత్సరాలు. ఆ తరువాత ఒక సంవత్సరం ఆసుపత్రిలోని వేర్వేరు విభాగాల్లో తిరుగుతూ పనిచేయాలి. ఈ సంవత్సరంలో ఉన్నవారినే హౌస్ సర్జన్లు అంటాం. అర్ధరాత్రి పెద్దాసుపత్రికి వెళితే చాలాసార్లు మొదట కనిపించేది వీరే. సెలైను ఎక్కించడం, రక్తం తీయడం, కేసు షీటు రాయడం, కాన్పు దగ్గర నిలబడటం అన్నీ వీరి పనులే. ఈ సంవత్సరం పూర్తయితేగాని స్వతంత్రంగా వైద్యం చేయడానికి శాశ్వత రిజిస్ట్రేషను రాదు.

ఇది మొదటి చదువు. దీన్ని పుస్తకంలో నేర్చుకోలేం, రోగి మంచం పక్కన నిలబడి నేర్చుకోవాలి. ఎదురుగా ఉన్న పిల్లవాడికి ఫిట్సు వస్తున్నాయి. అన్ని వివరాలూ తెలిసేదాకా ఆగుదామంటే కుదరదు. తెలిసినంతలో, ఉన్న మందులతో, వెంటనే ఒక నిర్ణయం తీసుకోవాలి. మంచి డాక్టరుకు ఈ తెగువ ఉండాలి.

రెండో చదువు పరిశోధన. దీనికి కావలసిన అలవాటు సరిగ్గా దీనికి వ్యతిరేకం. ఇక్కడ తొందర పనికిరాదు. "మందు ఇచ్చాను, రోగి కోలుకున్నాడు. మందు వల్లనే కోలుకున్నాడా? ఇవ్వకపోయినా కోలుకునేవాడా?" అని తనను తానే నిలదీసుకోవాలి. మందు వేసుకుంటే వారంలో, వేసుకోకపోతే ఏడు రోజుల్లో జలుబు తగ్గుతుందని మనవాళ్లు నవ్వుతూ అంటారు కదా. పరిశోధకుడి పని అక్కడే మొదలవుతుంది. మందు వేసుకున్న వందమందిని, వేసుకోని వందమందిని పక్కపక్కన పెట్టి చూస్తేగాని అతడు నమ్మడు.

ఒకే మనిషిలో తెగువ, సందేహం రెండూ ఉండాలంటే అది సులువు కాదు. అందుకే వైద్యం నేర్చిన వారందరూ పరిశోధకులు కాలేరు. అందరూ కావలసిన అవసరమూ లేదు. కాని కొందరైనా కాకపోతే ఏమవుతుందో చూడండి.

2. గొల్లపల్లి లెక్క

గొల్లపల్లి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో, సుక్మా జిల్లా కోంట ప్రాంతంలో ఉంది. ఒకప్పుడు ఇదంతా బస్తరు జిల్లాయే. 1998లో దంతెవాడ, 2012లో సుక్మా వేరే జిల్లాలయ్యాయి. అడవి, వాగులు, వానలు ఉన్న ఈ ప్రాంతంలో మలేరియా ఎవరికీ కొత్త కాదు.

ఇక్కడి ఉపకేంద్రానికి ఒక కొత్త డాక్టరు వచ్చారని ఊహించుకోండి. ఒక పల్లెలో 400 మంది జనం ఉన్నారనుకుందాం. ఈ అంకెలు లెక్క కోసం మనం వేసుకున్నవి మాత్రమే. ఒక నెలలో జ్వరంతో 20 మంది వచ్చారు. వేలికి సూది గుచ్చి, ఒక రక్తపు బొట్టు తీసి కిట్టుతో పరీక్షిస్తే 8 మందికి మలేరియా ఉన్నట్లు తేలింది. డాక్టరు ఆ 8 మందికీ మందులిచ్చారు. అందరూ కోలుకున్నారు. వైద్యం బాగానే జరిగింది.

మరి ఊళ్లో మలేరియా ఎంత ఉంది? 8 మందికే ఉందని ఆ డాక్టరు చెప్పగలరా? చెప్పలేరు. ఆయన చూసింది తన దగ్గరికి వచ్చినవారిని మాత్రమే. రానివారు 380 మంది ఉన్నారు. వాగు దాటలేక రానివారు, కూలి పోతుందని రానివారు, ఆకుమందు వేసుకుని ఊరుకున్నవారు, జ్వరమే లేనివారు. ఈ 380 మంది ఇళ్లకూ వెళ్లి అందరికీ పరీక్ష చేశారనుకుందాం. ఇంకో 40 మందికి మలేరియా బయటపడింది. వారిలో 16 మందికి జ్వరం ఉంది కాని రాలేదు. మిగిలిన 24 మందికి జ్వరమే లేదు, పనిపాటలు చేసుకుంటూ తిరుగుతున్నారు. అంటే మొత్తం 48 మందిలో ఉపకేంద్రం చూసింది 8 మందిని, ఆరింట ఒక వంతు మాత్రమే.

మీరు గణితంలో భిన్నాలు చదివారు. పైనున్నది లవం, కిందనున్నది హారం. ఆసుపత్రిలో కూర్చున్న డాక్టరుకు లవంలో కొంత మాత్రమే కనిపిస్తుంది. హారం ఊళ్లో ఉంటుంది. దాన్ని లెక్కించడానికి ఎవరో ఒకరు లేచి ఊళ్లోకి వెళ్లాలి. ఏ పరిశోధనకైనా ఇది మొదటి మెట్టు.

ఇది ఉత్త ఊహ కాదు. 2020 జనవరిలో బస్తరు ప్రాంతంలో మలేరియా నిర్మూలన ఉద్యమం మొదలైంది. ఆరోగ్య కార్యకర్తలు, మితానిన్లు ఇల్లిల్లూ తిరిగి, జ్వరం ఉన్నా లేకపోయినా అందరికీ పరీక్ష చేశారు. జ్వరం ఏమాత్రం లేని చాలామంది రక్తంలో మలేరియా క్రిమి దొరికింది. జ్వరం లేనివాడు ఆసుపత్రికి రాడు. కాని దోమ అతణ్ణి కుట్టడం మానదు. అతడి నుంచి క్రిమిని తీసుకుని పక్కింటి పసిపిల్లకు చేరవేస్తుంది. జ్వరం వచ్చినవారికి మాత్రమే మందిస్తూ పోతే ఆ ఊళ్లో మలేరియా ఎందుకు తగ్గదో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

పాఠగత ప్రశ్నలు – 1

క) రోగికి వైద్యం చేసేటప్పుడు, పరిశోధన చేసేటప్పుడు డాక్టరుకు కావలసిన అలవాట్లలో తేడా ఏమిటి?
చ) ఒక ఊళ్లో 250 మంది ఉన్నారు. అందరినీ పరీక్షిస్తే 30 మందికి మలేరియా ఉంది. వారిలో ఉపకేంద్రానికి వచ్చినవారు 6గురు. ఉపకేంద్రం ఎన్నో వంతును చూసింది?

3. సికిందరాబాదులో ఒక దోమ

మలేరియాను దోమలు మోస్తాయన్న సంగతి మన తెలుగు నేలమీదే బయటపడింది. దాన్ని కనుక్కున్న రొనాల్డ్ రాస్ ప్రయోగశాలకే అంకితమైన శాస్త్రవేత్త కాదు. ఆయన 1881లో సైనిక వైద్య సేవలో చేరిన డాక్టరు. సిపాయిలకు మందులివ్వడం ఆయన ఉద్యోగం. 1888-89లో సెలవు మీద ఇంగ్లండు వెళ్లినప్పుడు ప్రజారోగ్యంలో డిప్లొమా చేశారు, సూక్ష్మజీవుల గురించి చదివారు. అంటే ఉద్యోగంలో చేరిన తరువాత రెండో చదువు మొదలుపెట్టారన్నమాట.

సికిందరాబాదులో ఉన్నప్పుడు హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమలతో కుట్టించి, దోమకు ఒక అణా చొప్పున ఇచ్చి, ఆ దోమలను ఒక్కొక్కటిగా కోసి సూక్ష్మదర్శినిలో చూశారు. 1897 ఆగస్టు 20న ఒక దోమ పొట్ట గోడమీద మలేరియా క్రిమి కనిపించింది. కొద్ది కాలానికే ఆయనకు రాజపుతానాలోని ఖేర్వాడాకు బదిలీ ఉత్తర్వు వచ్చింది. అక్కడ మలేరియా రోగులే సరిగా దొరకలేదు. తరువాత కలకత్తాకు వెళ్లి, 1898లో పక్షుల మలేరియా మీద పనిచేసి, క్రిమి దోమ నుంచి పక్షికి ఎలా చేరుతుందో పూర్తిగా చూపించారు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పనిచేసిన బేగంపేట భవనం ఇప్పటికీ ఉంది.

ఉద్యోగమిచ్చినవారికి కావలసింది సిపాయిలకు మందులిచ్చే డాక్టరు. ఆయన ప్రశ్నతో వారికి పనిలేదు. ఈ సమస్య ఆనాటితో పోలేదు. నేటి యువ డాక్టర్లకూ ఇది తప్పడం లేదు.

4. యల్లాప్రగడ సుబ్బారావు

ఇప్పుడు మరో డాక్టరు గురించి కొంచెం వివరంగా చదువుదాం. యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చదువులో మొదటి నుంచీ ముందున్న పిల్లవాడేమీ కాదు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కింది. (ఓపెన్ స్కూలు విద్యార్థులు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవవచ్చు.) మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. స్వదేశీ ఉద్యమ కాలం అది. ఖద్దరు దుస్తులు వేసుకున్నందుకు శస్త్రచికిత్స ఆచార్యుడికి కోపం వచ్చిందని, అందుకే పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టా బదులు ఎల్.ఎం.ఎస్. అనే తక్కువ స్థాయి అర్హతతో సరిపెట్టుకోవలసి వచ్చిందని ఆయన జీవిత చరిత్రలు చెబుతాయి. మద్రాసు వైద్య సేవలో ఉద్యోగం కోసం ప్రయత్నించినా దొరకలేదు. మద్రాసులోనే ఒక ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు.

ఈలోగా ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. ఆయన సోదరులు ఇద్దరు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. మనవాళ్లు గ్రహణి అనే జబ్బుకు ఇది దగ్గరిది. విరేచనాలు ఆగవు, తిన్నది ఒంటబట్టదు, రక్తం తగ్గిపోతుంది. డాక్టరై ఉండి కూడా వారి కోసం ఏమీ చేయలేకపోయారు, ఎందుకంటే ఆనాడు ఆ జబ్బుకు సరైన మందు ఎవరి దగ్గరా లేదు. ఎంత బాగా వైద్యం నేర్చిన డాక్టరైనా తన కాలానికి తెలిసినంతే చేయగలడు. ఆ హద్దును జరపాలంటే మరో దారి వెతకాలి.

మామగారి సహాయం, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి సహాయం తీసుకుని, 1922 అక్టోబరులో ఆయన బోస్టన్ చేరారు. హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఉష్ణదేశపు వ్యాధులలో డిప్లొమా చేశారు. అయితే అక్కడి ఆసుపత్రిలో డాక్టరుగా శిక్షణ పొందేందుకు ఆయన అర్హత చాలలేదు. పొట్ట గడవాలి కాబట్టి అక్కడే ఒక ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రంచేసే పనికి కుదిరారు. డాక్టరుగా వార్డులో నిలబడవలసిన మనిషి అదే వార్డులో అటెండరుగా తిరిగారు. పగలు జీవరసాయన ప్రయోగశాలలో పని.

ఆ ప్రయోగశాలలో సైరస్ ఫిస్కే అనే ఆచార్యుడితో కలిసి 1925లో ఒక పరీక్షను తయారుచేశారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో తెలుసుకునే పరీక్ష ఇది. రక్తం నుంచి తీసిన ద్రవంలో మాలిబ్డేట్ అనే రసాయనాన్ని, తరువాత ఇంకొక రసాయనాన్ని కలిపితే నీలిరంగు వస్తుంది. భాస్వరం ఎక్కువుంటే ముదురు నీలం, తక్కువుంటే లేత నీలం. ఎంత ఉందో ముందే తెలిసిన ద్రవం రంగుతో పోల్చి చూస్తే సరిపోతుంది. చాలా సులువైన ఉపాయం. ఫిస్కే–సుబ్బారావు పద్ధతిగా ప్రపంచమంతా దాన్ని వాడింది.

ఆ పరీక్షనే కండరం మీద చేసినప్పుడు ఒక వింత ఎదురైంది. నీలిరంగు వెంటనే పూర్తిగా రాలేదు, నెమ్మదిగా పెరుగుతూ పోయింది. వేరొకరైతే రసాయనం పాతబడిందని పారబోసేవారు. వీరు ఆగి ఆలోచించారు. కండరంలో భాస్వరం మరొక పదార్థంతో వదులుగా ముడిపడి ఉందని, అది విడిపోయేకొద్దీ రంగు పెరుగుతోందని తేల్చారు. అలా 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఎ.టి.పి. బయటపడ్డాయి. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఎ.టి.పి.ని కనుక్కున్నారు. మీరు ఇప్పుడు ఈ పుస్తకం పేజీ తిప్పడానికి కావలసిన శక్తి మీ కండరానికి ఎ.టి.పి. నుంచే వస్తోంది.

1930లో ఆయన పిహెచ్.డి. పట్టా పొందారు. అయినా హార్వర్డులో స్థిరమైన ఆచార్య పదవి రాలేదు. 1940లో లెడర్లే అనే మందుల కంపెనీ ప్రయోగశాలలకు వెళ్లారు. సోదరుల జబ్బు ప్రశ్న మళ్లీ పైకి వచ్చింది ఇక్కడే.

దానికి ముందు బొంబాయిలో జరిగిన ఒక పని చెప్పుకోవాలి. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులలో కనిపించే తీవ్రమైన రక్తహీనతను పరిశీలించారు. ఈస్టు సారం తినిపిస్తే వారికి రక్తం పడుతోందని 1931లో ప్రకటించారు. ఆ సారంలో ఉన్నదేమిటో అప్పుడు తెలియదు. దాన్నే తరువాత ఫోలిక్ ఆమ్లం అన్నారు. సుబ్బారావు నడిపిన బృందం 1945 నాటికి దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. స్ప్రూ రోగులకు ఇచ్చి చూస్తే రక్తం పట్టింది. ఆయన సోదరులు పోయి అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది.

ఈరోజు మీ ఊళ్లో నర్సమ్మ గర్భిణులకు ఇచ్చే ఎర్రమాత్ర చూడండి. అందులో ఇనుముతోపాటు ఉండేది ఈ ఫోలిక్ ఆమ్లమే. ఒక ప్రశ్న మద్రాసు ప్రాంతంలో ఒక ఇంట్లో పుట్టింది, బొంబాయి మిల్లుల పక్క ఆసుపత్రిలో ఒక జవాబు తునక దొరికింది, అమెరికా ప్రయోగశాలలో అది పూర్తయింది, మాత్రగా మారి గొల్లపల్లి వంటి ఊళ్లకు చేరింది.

కథ అక్కడితో ఆగలేదు. బోస్టన్‌లో పిల్లల ఆసుపత్రి డాక్టరు సిడ్నీ ఫార్బర్, రక్త క్యాన్సరు ఉన్న పిల్లలకు ఫోలిక్ ఆమ్లం ఇస్తే జబ్బు ఇంకా ముదురుతున్నట్లు గమనించారు. అయితే ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే మందు ఇస్తే? సుబ్బారావు బృందం అటువంటి మందులను తయారుచేసి పంపింది. 1948లో ఫార్బర్ ప్రకటించిన వివరాల ప్రకారం, ఆ మందు తీసుకున్న 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. అప్పటిదాకా ఆ జబ్బుకు మందన్నదే లేదు. ఆ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్‌ను నేటికీ క్యాన్సరుకూ కీళ్లవాతానికీ వాడుతున్నారు. ఇక్కడ ప్రయోగశాల ఇచ్చిన జవాబును వార్డు తిప్పి కొత్త ప్రశ్నగా పంపింది. రెండు చదువులూ కలిస్తే జరిగేది ఇది.

బోదకాలు నివారణకు ఊరంతటికీ మింగించే డి.ఇ.సి. మాత్ర కూడా 1947లో ఆ ప్రయోగశాలల నుంచే వచ్చింది. 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, సుబ్బారావు చనిపోయారు. 1922లో ఓడెక్కిన తరువాత ఆయన మళ్లీ స్వదేశానికి రాలేదు. భార్యను తిరిగి చూడలేదు. ఆయన గొప్పతనం చెప్పేవారు ఈ మాట సాధారణంగా గబగబా దాటేస్తారు. పరిశోధన చేయాలంటే ఇల్లూ వాకిలీ వదిలి పోవలసిందేనా అని మీరు అడగవచ్చు. ఆనాడు ఆయనకు ఇక్కడ చోటు దొరకలేదన్నది నిజం. ఈనాడు పరిస్థితి అలాగే ఉందా?

పాఠగత ప్రశ్నలు – 2

క) కండరంతో పరీక్ష చేసినప్పుడు నీలిరంగు నెమ్మదిగా రావడం నుంచి సుబ్బారావు, ఫిస్కే ఏమి గ్రహించారు?
చ) గర్భిణులకు ఇచ్చే ఎర్రమాత్రలో ఉండే రెండు పదార్థాలు ఏవి?

5. ఈనాటి దారులు

ఈనాడు మన దేశంలో కొన్ని దారులున్నాయి. ఎం.బి.బి.ఎస్. చదువుతుండగానే రెండు నెలలపాటు ఒక చిన్న పరిశోధన చేయడానికి భారత వైద్య పరిశోధన మండలి 1979లో ఒక ఉపకార వేతనం ప్రారంభించింది. హౌస్ సర్జన్ తరువాత పి.జి. చదువుకు వెళ్లినవారు మూడేళ్లలో ఒక థీసిస్ రాయాలి. పరిశోధన పద్ధతుల మీద ఆన్‌లైన్ కోర్సు కూడా చేయాలి. పి.జి. కాలంలో మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలన్న నిబంధన కూడా వచ్చింది. పెద్ద నగరం దాటని యువ డాక్టరుకు హారం ఎక్కడుంటుందో చూసే అవకాశం ఇది. కాగితం మీద ఇవన్నీ బాగానే ఉన్నాయి.

ఇబ్బంది సమయంతోనే. రాత్రంతా డ్యూటీ చేసి, పొద్దున ఓ.పి. చూసి, మధ్యాహ్నం నిద్రకు వాలిపోతున్న మనిషికి "నీ థీసిస్ ఎంతవరకు వచ్చింది?" అంటే ఏమంటాడు? చాలా థీసిస్‌లు పరీక్ష గట్టెక్కడానికి రాసినవే. పరీక్ష కాగానే అవి బీరువా ఎక్కుతాయి, ఎవరూ చదవరు. అమెరికాలో 1964 నుంచి ప్రభుత్వ ఖర్చుతో డాక్టరు పట్టా, పిహెచ్.డి. రెండూ కలిపి ఇచ్చే కార్యక్రమం నడుస్తోంది. బ్రిటన్‌లో కొత్త డాక్టర్లలో కొందరికి శిక్షణ కాలంలోనే కొన్ని నెలలు పరిశోధనకు కేటాయిస్తారు. పరిశోధనకు విడిగా కేటాయించిన సమయం లేకపోతే వార్డు ఆ సమయాన్ని తినేస్తుంది. అలా తినేయడం తప్పని కూడా అనలేం. మంచంమీద ఉన్న మనిషి ఆగలేడు, కాగితంమీది ప్రశ్న ఆగుతుంది.

అయినా చేసి చూపినవారున్నారు. బస్తరుకు పక్కనే మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా ఉంది. దాని దక్షిణాన సిరొంచ వైపు తెలుగు మాట్లాడేవారున్నారు. అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టర్ల జంట 1984లో అమెరికాలో ప్రజారోగ్యం, పరిశోధన పద్ధతులు చదువుకుని తిరిగివచ్చి, ఆ జిల్లాలో ఒక సంస్థను నెలకొల్పారు. పసిపిల్లలు పుట్టిన నెల రోజుల్లోపే చనిపోవడం వారిని కలచివేసింది. ఆసుపత్రి దూరం. కాబట్టి ఆసుపత్రినే ఇంటికి తీసుకువెళితే? 39 ఊళ్లలో పల్లె స్త్రీలకు శిక్షణ ఇచ్చి, పుట్టిన బిడ్డను ఇంటివద్దే బరువు తూచడం, వెచ్చగా ఉంచడం, ఊపిరి ఆడనప్పుడు సాయపడటం, చీము సోకితే సూదిమందు ఇవ్వడం నేర్పారు. మరో 47 ఊళ్లను పోల్చడానికి అలాగే ఉంచారు. మూడో ఏటికి, పోల్చిన ఊళ్లతో చూస్తే నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో ప్రకటించారు. ఇప్పుడు కాన్పయిన ఇంటికి మితానిన్ గాని ఆశా కార్యకర్త గాని పలుసార్లు వచ్చి బిడ్డను చూసి వెళ్లడం వెనుక ఉన్నది ఆ లెక్కే. ఆ 47 ఊళ్లను లెక్కపెట్టకపోయి ఉంటే, శిక్షణ వల్లనే మరణాలు తగ్గాయని ఎవరినీ ఒప్పించగలిగేవారు కారు.

ఇక్కడ కొందరికి ఒక సందేహం వస్తుంది. ఓపెన్ స్కూలులో చదివినవారు డాక్టరు చదువుకు అర్హులేనా? ఒక నిబంధన వారిని అనర్హులుగా చూసింది. 2018లో ఢిల్లీ హైకోర్టు ఆ భాగాన్ని కొట్టివేసింది. ఆ వివాదం 2024లో సుప్రీంకోర్టులో ముగిసింది. గుర్తింపు పొందిన ఓపెన్ స్కూలులో భౌతిక, రసాయన, జీవ శాస్త్రాలతో సీనియర్ సెకండరీ పూర్తిచేసినవారు ప్రవేశ పరీక్ష రాయవచ్చు.

6. మిమ్మల్ని అడగవలసిన మాట

సికిందరాబాదు హుసేన్ ఖాన్‌ను ఒకసారి గుర్తుచేసుకోండి. తనమీద జరుగుతున్నదేమిటో అతడికి ఎంతవరకు చెప్పారు? ఆ కాలంలో దానికి నియమాలు లేవు. ఈనాడు ఉన్నాయి. వైద్యం చేసే డాక్టరు, పరిశోధన చేసే డాక్టరు ఒకరే అయినప్పుడు ఈ నియమాలు మరీ ముఖ్యం. ఎందుకంటే రోగి డాక్టరును నమ్మి తల ఊపుతాడు. దేనికి ఊపుతున్నాడో అతడికి తెలియకపోవచ్చు.

మీకు దగ్గరలోనే జరిగిన సంగతి ఒకటి ఉంది. 2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించే టీకా వేశారు. ఒక విదేశీ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన పథకం ఇది. టీకా తీసుకున్న కొందరు బాలికలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో అది ఆగిపోయింది. ఆ మరణాలు టీకా వల్ల జరిగినవిగా కనిపించడం లేదని ప్రభుత్వ విచారణ సంఘం చెప్పింది. కాని సమ్మతి తీసుకున్న తీరును తప్పుపట్టింది. ఆశ్రమ వసతిగృహాల్లో ఉన్న గిరిజన బాలికల తరఫున చాలాచోట్ల వార్డెన్లే సంతకాలు చేశారు. తల్లిదండ్రులను అడగలేదు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం కూడా దీన్ని గట్టిగా విమర్శించింది. టీకా పనిచేస్తుందా లేదా అన్నది వేరే ప్రశ్న. పనిచేస్తుందని తరువాతి అధ్యయనాలు చూపాయి. మంచి టీకా అయినా అడగకుండా వేస్తే ఆ ఊరు తరువాత వచ్చే టీకానూ నమ్మదు.

కాబట్టి మీరు తెలుసుకోవలసింది ఇది. మీమీద గాని మీ పిల్లలమీద గాని ఏదైనా పరిశోధన జరగాలంటే ముందుగా ఎథిక్స్ కమిటీ దాన్ని అనుమతించాలి. ఏం చేస్తారో, అపాయమేమైనా ఉందో మీకు అర్థమయ్యే భాషలో చెప్పాలి. తెలుగువారికి తెలుగులో, దోర్లా మాట్లాడేవారికి దోర్లాలో. చదవడం రానివారికి చదివి వినిపించి, పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఎదుట వేలిముద్ర తీసుకోవాలి. మీరు కాదనవచ్చు. మొదట ఒప్పుకుని మధ్యలో మానుకోవచ్చు. అలా మానుకున్నా మీకు అందవలసిన వైద్యం ఆగకూడదు. "ఇది నా జబ్బు కోసమా, మీ పరిశోధన కోసమా?" అని అడగండి. రెండు చదువులూ సరిగా నేర్చుకున్న డాక్టరు ఈ ప్రశ్నకు విసుక్కోరు.

కృత్యం

మీ వాడలో పది ఇళ్లకు వెళ్లండి. గత పదిహేను రోజుల్లో ఆ ఇంట్లో ఎంతమందికి జ్వరం వచ్చింది, వారిలో ఎంతమంది పరీక్ష చేయించుకున్నారు అని మాత్రమే అడగండి. ఎందుకు అడుగుతున్నారో ముందే చెప్పండి. ఇష్టంలేనివారిని వదిలేయండి. పేర్లు రాయవద్దు. పది ఇళ్లలో ఉన్న మొత్తం మనుషుల సంఖ్యను హారంగా వేసి రెండు భిన్నాలు తయారుచేయండి. వాటిని మీ మితానిన్‌కు చూపించి, ఉపకేంద్రం రిజిస్టరులోని లెక్కతో పోల్చండి.

పాఠగత ప్రశ్నలకు సమాధానాలు

1. క) వైద్యంలో తెలిసినంతలో వెంటనే నిర్ణయం తీసుకునే తెగువ కావాలి. పరిశోధనలో ఆగి, సందేహించి, పోల్చి చూసే ఓపిక కావాలి. చ) 6/30, అంటే ఐదో వంతు.

2. క) కండరంలో భాస్వరం మరొక పదార్థంతో వదులుగా ముడిపడి ఉందని, అది విడిపోయేకొద్దీ రంగు పెరుగుతోందని గ్రహించారు. చ) ఇనుము, ఫోలిక్ ఆమ్లం.